చదవలేని పిల్లాడిని ముందు పట్టుకోవాల్సింది టీచరే

మొక్క వేళ్ల నుంచి ఆకుల దాకా నీరు ఎలా చేరుతుందో అడిగితే గడగడా చెప్పే పిల్లాడు, అదే పాఠాన్ని చదవమంటే మొదటి వాక్యంలోనే ఆగిపోతాడు. 'పద్మ'ను 'పదమ' అంటాడు. రాతలో వత్తులు ఎగిరిపోతాయి. 'శ్రద్ధ లేదు' అని ప్రోగ్రెస్ కార్డులో రాసేయడం తేలిక. అది డిస్లెక్సియా కావచ్చని అనుమానించాలంటే మాత్రం శిక్షణ కావాలి.

డిస్లెక్సియా అంటే మాటలోని ధ్వనులను అక్షరాలతో జతపరచడంలో ఎదురయ్యే ఇబ్బంది. తెలివితక్కువతనం కాదు, చూపు లోపమూ కాదు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే బ్రిటిష్ వైద్యుడు ఇలాంటి 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశారు. పాఠాలన్నీ నోటితోనే జరిగితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడని మాస్టారు చెప్పిన సంగతి ఆ వ్యాసంలోనే ఉంది. అంటే డాక్టరుకన్నా ముందు గమనించింది మాస్టారే!

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో చేర్చింది. వాటిని వీలైనంత త్వరగా గుర్తించే బాధ్యతను బడులపై పెట్టింది. 2018 మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్ల వయసులో, ఏది ముందైతే అప్పుడు, టీచర్లే తొలి వడపోత చేయాలి. పిల్లల వైద్యులు, మనస్తత్వ నిపుణుల పని ఆ తర్వాతే. మొదటి మెట్టు దగ్గర టీచరు పొరబడితే ఆ పిల్లాడి సంగతి నిపుణుల దాకా వెళ్లదు.

ఇంగ్లిష్ పుస్తకాల నుంచి తెచ్చిన శిక్షణ మన తరగతి గదికి సగమే పనికొస్తుంది. ఇంగ్లిష్ పిల్లలు తికమకపడే 'బీ', 'డీ' అక్షరాల గొడవ తెలుగులో లేదు. మన చిక్కులు వేరు. 'స్త్రీ' చూడండి. ఒకే అక్షరంలో నాలుగు ధ్వనులు. చివర పలికే 'ఈ' గుర్తు 'స' నెత్తిన ఉంటుంది, మధ్యలో పలికే తవత్తు, క్రావడి కిందికి పోతాయి. కంటికి కనిపించే వరుస వేరు, నోటికి వచ్చే వరుస వేరు. గుణింతాలు, వత్తులు కలిస్తే అక్షర రూపాలు వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లలపై సొనాలి నాగ్ చేసిన పరిశోధన కూడా ఇలాంటి లిపి పూర్తిగా పట్టుబడటానికి ప్రాథమిక తరగతుల్లో ఏళ్లు పడుతుందని చూపింది. కాబట్టి ఒకటో తరగతిలో తడబడే ప్రతి బిడ్డకూ డిస్లెక్సియా ముద్ర వేయడం కూడా తప్పే.

మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 'డాలి' పేరుతో భారతీయ భాషలకు పరీక్షా సాధనాలు రూపొందించింది. ఒకటి, రెండు తరగతులకు ఒకటి, మూడు నుంచి ఐదు వరకు మరొకటి టీచర్లే వాడొచ్చు. 2015లో అవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్ భాషల్లో వచ్చాయి. తొలి జాబితాలో తెలుగు లేదు.

గుర్తించాక నేర్పాలి. 'చిలక'లో 'చి' తీసేస్తే ఏం మిగిలింది? 'కల'లో 'క' బదులు 'వ' పెడితే? ఇలా చెవితో మొదలై, ఒక్కో గుణింతం, ఒక్కో వత్తు వరుస తప్పకుండా, పైకి పలుకుతూ రాయించాలి. వీధిబడుల్లో ఇసుకలో దిద్దించింది గుర్తొస్తుంది కదా! అయితే ఇసుకే మందు అనుకోవద్దు. క్రమం, పునశ్చరణ ముఖ్యం.

ఇక సర్టిఫికెట్లు. సాధారణ బీఎడ్‌లో సమ్మిళిత విద్య ఒక పాఠ్యాంశం మాత్రమే. ప్రత్యేక విద్యలో డిప్లొమా, బీఎడ్ కోర్సులకు గుర్తింపునిచ్చేది భారత పునరావాస మండలి. అవి పూర్తిచేసినవారి పేర్లు దాని కేంద్ర రిజిస్టరులోకి ఎక్కుతాయి. వారాంతపు కోర్సు చేసిన టీచరుకు అనుమానించే కన్ను రావచ్చు, అది మంచిదే. కానీ ఆ కాగితంతో నిర్ధారణ చేసే అధికారం రాదు. కోర్సులో చేరే ముందు రెండు విషయాలు అడగండి: మండలి గుర్తింపు ఉందా? అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నిజమైన పిల్లలకు ఎన్ని గంటలు నేర్పిస్తారు?