ఆట పోయింది, అక్షరం మిగిలింది

పాతబస్తీ అనగానే మనకు గుర్తొచ్చేవి చార్మినార్, లాడ్‌బజార్ గాజులు. అదే నగరంలో నిజాం దర్బారును ఆటపాటలతో మెప్పించిన మహ్‌లఖా బాయి పేరు మీరు విన్నారా?

1768లో పుట్టిన ఈమె అసలు పేరు చందా బీబీ. తల్లి రాజ్ కన్వర్‌ది నాట్యం చేసే కుటుంబం. తాన్‌సేన్ వంశీకుడైన ఖుష్‌హాల్ ఖాన్ దగ్గర చందా సంగీతం నేర్చుకుంది. అంతటితో ఆగలేదండోయ్! విలువిద్య నేర్చి, మగవేషంలో రెండో నిజాం వెంట యుద్ధాలకూ వెళ్లింది. జాగీర్లు సంపాదించింది. ఎందరో ఆడపిల్లలకు ఆటా పాటా నేర్పించింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

తల్లి కోసం 1792లో మౌలాలి గుట్ట దగ్గర తోట, సమాధి కట్టించింది. 1824లో తానూ అక్కడే అమ్మ పక్కన ఒదిగిపోయింది. ఎన్నో ఏళ్లు పాడుబడి ఉన్న ఆ చోటుకు 2010-11లో అమెరికా ప్రభుత్వ నిధులతో మరమ్మతులు జరిగాయి.

ఉర్దూలో ఆమె రాసిన గజళ్లు ఆమె పోయాక పుస్తకంగా వచ్చాయి. 1799లో జాన్ మాల్కం అనే బ్రిటిష్ అధికారికి ఆమె ఇచ్చిన రాతప్రతి ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉంది.

మరి ఆమె నాట్యమో? ఏ పాటకు ఏ అడుగు వేసిందో, శిష్యురాళ్లకు ఏం దిద్దిందో ఎవరూ రాసిపెట్టలేదు. నన్ను బాధించేది అదే. మీ ఇంట్లో అమ్మమ్మకో, అత్తయ్యకో పాత కోలాటాలు, బతుకమ్మ పాటలు వచ్చా? ఈ ఆదివారమే పక్కన కూర్చుని ఓ నోట్‌బుక్కులో రాసుకోండి. అడుగులు మాత్రం ఆవిడతో కలిసి వేసి చూడండి.