ఆరుబయటి కుంపటి

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనీ, తన కుంపటిలో నిప్పు లేకపోతే ఊళ్ళో ఏ పొయ్యీ రాజుకోదనీ గర్వపడి, ఒకనాడు ఆ రెండింటినీ తీసుకొని అడవికి వెళ్ళిపోయిన ముసలమ్మ కథ వినని తెలుగు బిడ్డ ఉండడు. ఆమె పోయిన మరునాడూ తెల్లవారనే తెల్లవారినది. ఊరివారు ఎక్కడనుంచో నిప్పు తెచ్చుకొన్నారు, వంటలు చేసుకొన్నారు. బడిలో ఈ కథ చెప్పినప్పుడెల్లా ముసలమ్మను చూచి నవ్వుకోవడమే మనకు అలవాటు. కాని ఆమె చేసిన పనిలో ఒక విశేషం ఉన్నది. కోడిని పట్టుకొన్నట్టే నిప్పును కూడా చేతపట్టుకొని ఆమె ఊరు దాటగలిగినది. పొయ్యి ఇంటిని విడిచి రాలేదు. కుంపటి మనిషి వెంట నడుస్తుంది. అన్నదమ్ములు విడిపోతే ‘వేరు కుంపటి పెట్టుకొన్నారు’ అంటాముగాని ‘వేరు పొయ్యి’ అనము గదా!

కోడి పనిని గడియారాలు ఎన్నడో అందుకొన్నవి. కుంపటి పనిని అగ్గిపెట్టె, కిరసనాయిలు స్టవ్వు, గ్యాసుపొయ్యి ఒకదాని తరువాత ఒకటి అందుకొన్నవి. అయినా కుంపటి చావలేదు. వంటింటినుంచి వెళ్ళగొట్టితే వీధిలోకి వచ్చి కూర్చున్నది.

ఈ సంగతి కన్నులారా చూడగోరేవారు సాయంకాలం వేళ విశాఖపట్నంలో వన్ టౌన్ అని పిలిచే పాత ఊరికి రావలెను. ఒక కొండపై చర్చి, ఒక కొండపై దర్గా, ఒక కొండపై వేంకటేశ్వరాలయం పక్కపక్కనే నిలిచి రేవు ముఖద్వారాన్ని కనిపెట్టుకొని ఉంటవి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు తలపై కప్పు లేకుండా ఎండకూ వానకూ ఓర్చి ఆరుబయటనే పూజలందుకొంటున్నది. ఇండ్లు ఇరుకు, సందులు ఇరుకు. బ్రతుకులో సగం వీధి అరుగులమీదనే గడుస్తుంది. పూర్ణా మార్కెట్టు వైపునుంచి మొక్కజొన్న పొత్తుల గోతాలు బయలుదేరుతవి. మూలమూలనా, సముద్రపుటొడ్డున బీచ్ రోడ్డు పొడుగునా కుంపట్లు వెలుగుతవి. తాటాకు విసనకర్ర చప్పుడు, చిటపటమనే నిప్పురవ్వలు, ఉప్పూ కారమూ అద్దిన నిమ్మచెక్క వాసన—చదువుకొన్నవారి నోట కూడా నీరూరించే సామగ్రి ఇంతే.

ఒకనాడు అటువంటి కుంపటి దగ్గర నిలుచున్నాను. బొగ్గులు ఇంకా నల్లగానే ఉన్నవి, నడుమ మాత్రం మంట లేస్తున్నది. పొత్తు పెట్టమని తొందరపెట్టాను. అమ్ముతున్న ముసలామె తలయెత్తకుండానే, “కాసేపాగు బాబూ! మంట మీద ఎడితే పైన మాడిపోతాది, లోన పచ్చిగుంటాది. నివురు పట్టనీ” అన్నది.

‘నివురు గప్పిన నిప్పు’ అనే పలుకుబడిని ఎన్ని వ్యాసాలలో వ్రాయించి ఉంటానో! నివురు అన్న మాటను వంటకు పనికివచ్చే కొలతగా వాడినవారిని మాత్రం ఆనాడే చూచినాను. బొగ్గు మొదట అంటుకొన్నప్పుడు దానిలో మిగిలిన తడి, పూర్తిగా కాలని కట్టె సారం పొగగా పోతవి. ఆ పొగ పదార్థానికి చేదు పట్టిస్తుంది. అవి పోయి, బొగ్గు అంతటా రాజుకొని, పైన బూడిద సన్నని తెల్లని పొరగా కట్టిన తరువాత నిప్పు నిలకడ పొందుతుంది. అప్పుడు జ్వాల ఉండదు. కంటికి కనిపించని పరారుణ కిరణాలు నిప్పునుంచి నేరుగా వచ్చి పొత్తును తాకుతవి. గింజలోని నీరు ఆవిరియై, లోపలిది ఉడికి, పైపొర ఎర్రబారుతుంది. ఇంత భౌతికశాస్త్రమూ ఆ ముసలామె ఒక్క మాటలో చెప్పివేసినది.

కుంపటి నిర్మాణం చూస్తే దాని యుక్తి తెలుస్తుంది. మట్టిదైనా, పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసినదైనా భాగాలు అవే. పైన గిన్నె ఆనుకొనడానికి మూడు దిమ్మలు, నడుమ బొగ్గులు నిలిచే చిల్లుల పళ్ళెం, అడుగున బూడిద రాలే గది, ఆ గదికి ఒక నోరు. వేడెక్కిన గాలి పైకి పోతుంటే కిందినోటి నుంచి చల్లని గాలి లోపలికి వస్తుంది. ఆ నోటిని ఒక పెంకుముక్కతో సగం మూస్తే నిప్పు నెమ్మదిస్తుంది, తీస్తే విజృంభిస్తుంది. గ్యాసుపొయ్యికి మర ఏదో, కుంపటికి ఆ పెంకుముక్క అదే. కొబ్బరి పీచు, రెండు కొబ్బరి చిప్ప ముక్కలు అడుగున పెట్టి అంటించడం మన తీరప్రాంతపు పద్ధతి. కిరసనాయిలు పోసి అంటించేవారు తమ భోజనానికి కూడా ఆ వాసననే వడ్డించుకొంటారు.

బొగ్గు అనే మాట మనవారు రెండింటికి వాడుతారు. కట్టెను కాల్చి చేసినది కట్టెబొగ్గు. భూమిలోనుంచి తవ్వినది రాక్షసిబొగ్గు. ఈ రెండవదానికి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, రేవుకు వచ్చే ఓడల పొట్టలలో దానిని చూచినవారికి ఆ పేరు అతిశయోక్తిగా తోచదు. 1933లో ప్రారంభమైన ఈ రేవులో ఆ సరుకు గుట్టలు గుట్టలుగా దిగుతుంది. గాలి మళ్ళినప్పుడు దాని ధూళి మా మేడలమీద వాలుతుందని వన్ టౌన్ వారు మొరపెట్టుకొనడం ఈనాటి మాట కాదు. అయితే కుంపటికి ఈ రాక్షసిబొగ్గు తగదు. దాని పొగలోని గంధకం తిండికి పట్టుతుంది. కుంపటికి కావలసినది కట్టెబొగ్గే: సముద్రతీరపు తోటలలో పెరిగే సరుగుడుది, చింతది, సర్కారు తుమ్మది.

కట్టెబొగ్గు చేయడమంటే కట్టెను కాల్చడం కాదు, కాలనీయకుండా కాల్చడం. కట్టెలు పేర్చి, ఆకులతో, మట్టితో కప్పి, గాలి కొద్దికొద్దిగానే చొరనిచ్చి కొన్ని రోజులు మగ్గనిస్తారు. లోపల వేడి 400, 500 డిగ్రీలకు చేరుతుంది. నీరు, తారు, ఆవిరులు బయటకు పోయి కర్బనం మిగులుతుంది. అంటే మనం కుంపటిలో వేసేది పొగను ముందే ఎక్కడో అడవిలో వదలివేసి వచ్చిన కట్టె. ఈ సుఖానికి వెల తక్కువది కాదు. పాతరకపు మట్టి బట్టీలో 100 కిలోల కట్టెకు దక్కేది సుమారు 20 కిలోల బొగ్గు. కిలో కట్టె 3,500 కెలోరీలు, కిలో బొగ్గు 7,000 కెలోరీలు ఇస్తుందనుకొంటే (ఇవి పెద్ద కెలోరీలు) కట్టెలోని వేడిలో ఎంత భాగం మన చేతికి వచ్చినదో ఆరవ తరగతి విద్యార్థి లెక్కకట్టగలడు. నూటికి నలుబది. తక్కిన అరువది బట్టీలోనే పోయినది. పూటపూటా వంట కుంపటిమీదనే జరగవలెనంటే అడవులు ఆగవు. 1957లో విశాఖలో కాల్టెక్స్ వారి చమురుశుద్ధి కర్మాగారం పని ప్రారంభించిన తరువాత, దశాబ్దాల మీద గ్యాసు ఇంటింటికీ చేరినది. బొగ్గుల మసినుంచి ఇల్లాలి చేతులు బయటపడినవి. దానికి విచారించేవాడను కాను.

చిత్రమేమంటే, మన వంటిళ్ళు కుంపటిని దించివేస్తున్న ఆ కాలంలోనే అమెరికాలో అది కొత్త వేషంతో ఇంటి పెరటిలోకి వచ్చినది. చికాగోలో జార్జి స్టీఫెన్ అనే ఆయన లోహపు పనివారి సంస్థలో ఉద్యోగి. ఆ సంస్థ నీటిపై తేలే బోయాలు కూడా తయారుచేసేది. ఓడలకు దారిచూపే ఆ ఇనుప గుండ్లను మన రేవు ముఖద్వారంలోనూ చూస్తాము. పెరటి నిప్పుపై మాంసం కాల్చేటప్పుడు గాలీ వానా పెట్టే బాధ పడలేక ఆయన 1952లో బోయా గుండు సగాన్ని గిన్నెగా, మిగతా సగాన్ని మూతగా అమర్చి, కాళ్ళు తగిలించి, గాలికి రంధ్రాలు పెట్టినాడు. మూతగల బొగ్గుల గ్రిల్లు అలా పుట్టి దేశదేశాలకూ పాకినది. జపానులో షిచిరిన్ అనే మట్టికుంపటి, కెన్యాలో ఇనుప డొక్కలో మట్టి పూత పెట్టిన జికో మన కుంపటికి అప్పచెల్లెళ్ళే. గ్రిల్లంటే ఏదో పరదేశపు వింత అనుకొనే మన యువకులు కుంపటిమీద ఇనుప కమ్మీల చట్రం వేసి చూస్తే చాలును; ఖర్చు లేకుండా వింత ఇంటికే వచ్చినట్టు.

ఆ చట్రంపై ఏమి కాల్చవచ్చునన్న ప్రశ్న వన్ టౌన్‌లో తలెత్తదు. నూనె రాసిన గుండ్రని వంకాయ తొక్క నల్లబడి చిట్లేదాకా కాలితే పచ్చడికి వచ్చే రుచి గ్యాసుమంటపై రానే రాదని మా ఇంటి ఆడవారి తీర్పు. నేనూ దానితో ఏకీభవిస్తాను. చిలగడదుంపను చట్రంమీద గాక నివురులోనే పూడ్చవలెను. మాంసాహారులకు చేపలరేవు దగ్గరలోనే ఉన్నది. చందువ చేపకు రెండుప్రక్కలా గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం పట్టించి గంటసేపు ఉంచుతారు. చట్రాన్ని ముందుగా బాగా కాల్చి నూనెగుడ్డతో తుడిస్తే చేప అంటుకోదు. కొవ్వు బొట్టు నిప్పులో పడి మంట లేచినప్పుడు చేపను పక్కకు జరపవలెను. ఆ మంటలో, ఆ మసిలో శరీరానికి హితముకాని పదార్థాలు పుట్టుతవని వైద్యులు చెప్పుతున్నారు. మాడిన భాగం తీసివేసి తినడం మర్యాదకు భంగం కాదు.

ఇంతవరకు సరదా సంగతులు. ఇక కుంపటి ఆరుబయటనే ఎందుకుండవలెనో చెప్పవలసి ఉన్నది.

బొగ్గులు బాగా రాజుకొన్నప్పుడు, చీకట్లో చూస్తే, వాటిపై పలుచని నీలిమంట ఆడుతుంది. అడుగున కర్బనం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అది పైకి పోతూ కణకణలాడే బొగ్గుల మధ్యనుంచి దూరినప్పుడు మరికొంత కర్బనాన్ని కలుపుకొని కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. పైకి వచ్చి తాజాగాలి తగిలితే మండుతుంది. ఆ మంటే నీలిమంట. నివురు కప్పి నిప్పు మందగించినప్పుడు ఈ వాయువు మండకుండానే గాలిలో కలిసిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె సుమారు రెండు వందల రెట్ల మక్కువతో దీనిని పట్టుకొంటుంది. పొగ ఉంటే మనిషి దగ్గి లేచి పోతాడు. పొగలేని నిప్పు ఆ హెచ్చరిక కూడా చేయదు.

ఈ పాఠాన్ని పదవ తరగతికి ఏళ్ళ తరబడి చెప్పినవాడను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్దనే తీరం దాటినది. చెట్లు, స్తంభాలు కూలినవి. రోజుల తరబడి విద్యుత్తు లేదు. మా ఇంట గ్యాసు కూడా నిండుకొన్నది. అటకమీది పాత కుంపటి దింపి మేడమీద వంట చేసుకొన్నాము; పిల్లలకు అదొక వనభోజనం. మరునాటి రాత్రి చినుకులు పడుతుంటే కుంపటిని గదిలోకి తెచ్చినాము. అద్దాలు పగిలిన కిటికీకి పలకలు బిగించి ఉన్నవి. వంట అయినది, నిప్పుకు నివురు పట్టినది, చంటిపిల్లకు పాలు వెచ్చగా ఉంటవని దానిని అక్కడనే ఉంచి పడుకొన్నాము. ఒక జామైనదో లేదో, మా పెద్దత్తయ్య తల బద్దలవుతున్నదంటూ, కడుపులో తిప్పి, గోడపట్టుకొని లేచి తలుపు తీసినది. అందరినీ లేపితే అందరికీ తలనొప్పే. తుఫాను అలసట అనుకొన్నాను! ‘ఈ కుంపటి బయటపెట్టు నాయనా, దీని గాలి మంచిది కాదు’ అని పెద్దత్తయ్య అన్న తరువాతగాని నల్లబల్లపై నేను వ్రాసే సమీకరణం నాకు జ్ఞాపకం రాలేదు. ఆమె బడికి పోయినది కాదు.

అటువంటి వేళ చేయవలసినది ఒక్కటే: మనుష్యులను వెంటనే ఆరుబయటకు తేవడం, మత్తుగా ఉన్నవారిని ఆసుపత్రికి చేర్చి ప్రాణవాయువు ఇప్పించడం. కిటికీ ఒక రెక్క తెరిచి ఉన్నది గదా అని నమ్ముకొనరాదు.

ఈ వాయువునే మనిషి పనిలో పెట్టిన చోటు కూడా ఈ నగరంలోనే ఉన్నది. ఉక్కు కర్మాగారంలో రాక్షసిబొగ్గును గాలి చొరని కొలిమిగదులలో వేయి డిగ్రీలకు పైగా కాల్చి కోకు చేస్తారు. అడవిలో కట్టెబట్టీ చేసే పనికి అది పెద్దన్న. ఆ కోకును, ఇనుప ఖనిజాన్ని ఊదుకొలిమిలో పోసి అడుగునుంచి వేడిగాలి కొట్టితే పుట్టేది కార్బన్ మోనాక్సైడే. ఖనిజంలోని ప్రాణవాయువును అది లాగుకొంటే ఇనుము కరిగి దిగుతుంది. మొదటి కొలిమి 1990లో వెలిగినది. దాని పేరు గోదావరి. రెండవది కృష్ణ. మూడవదానికి అన్నపూర్ణ అని పేరు పెట్టినారు. వంటకూ ఉక్కుకూ చుట్టరికం తెలిసే ఆ పేరు పెట్టినారో, పంటల తలపుతో పెట్టినారో!

రాత్రి తొమ్మిది దాటితే వీధి పలుచబడుతుంది. ముసలామె చివరి పొత్తు అమ్మి, నిప్పులను పట్టుకారుతో ఒక్కొక్కటిగా తీసి నీళ్ళ డబ్బాలో ముంచుతుంది. సముద్రపుటొడ్డున కొందరు నిప్పులను ఇసుకలో కప్పిపోతారు. ఇసుక కింద అవి చాలాసేపు ఆరవు, మరునిమిషంలో ఏ పసివాడో చెప్పులు లేకుండా అటు పరుగెత్తుతాడు. ఈమె అలా చేయదు. ఎందుకని అడిగితే, “బొగ్గులు డబ్బులెట్టి కొన్నవే గదా బాబూ! ఎండబెడితే రేపటికి పనికొస్తాయి” అన్నది. చుయ్యిమన్న చప్పుడు ఆగినాక సగం కాలిన బొగ్గులను గోతాంలో వేసుకొన్నది. కుంపటి ఇంకా వేడిగానే ఉన్నది. దాని చెవులకు గుడ్డచుట్టి చేతపట్టుకొని, బురుజుపేట సందులోకి నడిచిపోయినది.