బెంగళూరు నుంచి ధర్మవరం: కుక్కతో కారెక్కేవారికి కొన్ని లెక్కలు

బెంగళూరు నుంచి హిందూపురం సుమారు 100 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి పెనుకొండ 40, ఆపైన ధర్మవరం మరో 45. అంతా కలిపినా 200 దాటదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఇదేమంత దూరం కాదు. చిక్కంతా దారిలో కారు ఆపినప్పుడే.

దిగేకొద్దీ ఎండ

సముద్రమట్టానికి బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంటే, హిందూపురం 620, ధర్మవరం 345 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వెయ్యి మీటర్లు దిగితే వేడి దాదాపు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది. ఆ లెక్కన ధర్మవరం చేరేసరికి ఎత్తు తేడా ఒక్కటే మూడున్నర డిగ్రీలకు పైగా కలుపుతుంది. పొద్దున చల్లగా బయలుదేరి మధ్యాహ్నానికి చేరితే ఎండ ముదిరిన తేడా కూడా తోడవుతుంది. ఏసీలో కూర్చున్న కుక్కకు ఇదంతా తలుపు తీసినప్పుడే తెలుస్తుంది.

ఆపిన కారులో

ఎండలో ఆపిన కార్లపై స్టాన్‌ఫోర్డ్ వైద్యుల పరిశోధన 2005లో వెలువడింది. గంటలో కారు లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు.

బయట 36 డిగ్రీలుంటే అరగంటకు లోపల 54కి చేరుతుందన్నమాట. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38.3 నుంచి 39.2 డిగ్రీలు, 41 దాటితే ప్రాణాపాయం. మనలా దానికి ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ వేడిని బయటికి పంపుతుంది. చుట్టూ ఉన్న గాలే ఒంటికన్నా వేడిగా ఉంటే ఎంత రొప్పినా ఫలితం అంతంతే. చప్పిడి ముక్కు పగ్‌లకు ముప్పు ఇంకా ఎక్కువ.

దారిలో లేపాక్షి గుడి దగ్గర ఆగితే లోపలికి కుక్కను తీసుకెళ్లలేం. ధర్మవరంలో పట్టుచీర ఎంపిక పది నిమిషాల్లో తేలే పని కాదు. కాబట్టి పెద్దవాళ్లు ఇద్దరైనా ఉండాలి: ఒకరు లోపలికి వెళ్తే మరొకరు కుక్కతో నీడన ఉండాలి.

కాలి కింద తారు

గాలి 30 డిగ్రీలున్న రోజున ఎండ తగిలే తారు 55 డిగ్రీలు దాటగలదు. కుక్కను దించేముందు అరచెయ్యి వెనకవైపు రోడ్డుకు ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. మట్టి నేలనో, చెట్టు నీడనో చూసుకోవాలి.

వేగం, బరువు

44వ నంబరు జాతీయ రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే మామూలే. ఆ వేగంలో కారు దేన్నైనా ఢీకొంటే, కట్టని కుక్క అదే వేగంతో ముందుకు ఎగురుతుంది. ఆ తాకిడి 25 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు ఎనిమిదంతస్తుల మేడ మీంచి, పడ్డదానితో సమానం. 20 కిలోల కుక్కయితే దానికీ ప్రమాదమే, ముందు సీట్లో ఉన్నవారికీ ప్రమాదమే. వెనక సీట్లో ఛాతీ పట్టీ వేసి సీటు బెల్టుకు బిగించండి, లేదా కదలకుండా కట్టిన పంజరంలో ఉంచండి. మెడ పట్టీకి కడితే గొంతు నొక్కుకుపోతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని నడపడం అసలే వద్దు.

తిండి, నీళ్లు

బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేయాలి. కడుపు నిండా ఉంటే వాంతులవుతాయి, పిల్ల కుక్కలకు మరీ ఎక్కువ. నీళ్లు రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు: 20 కిలోల కుక్కకు లీటరు పైనే. ఎండలో ఇంకా కావాలి. రెండు గంటలకోసారి ఆపి కాస్త నడిపించండి. మన వాంతి మాత్రలు సొంతంగా వేయకండి, పశువైద్యుణ్ణి అడగండి. రేబిస్ టీకా కార్డు కారులోనే ఉంచుకోండి.

వడదెబ్బ తగిలితే

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, తూలడం, వాంతులు దీని గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి గాలి తగలనివ్వండి. ముందు చల్లబరచి, ఆ తర్వాతే ఆసుపత్రికి కదలాలి. అందుకే తాగే నీళ్లు కాక మరో ఐదు లీటర్ల క్యాను డిక్కీలో ఉండాలి. వేసవిలోనైతే తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరితే ఎండ ముదిరేలోగా ధర్మవరం చేరొచ్చు.