అందరూ చూడాలంటే అన్నీ చూడాలనుకోవద్దు

సెలవులు దగ్గర పడ్డాయంటే పిల్లలు మొదలుపెడతారు, “ఈసారైనా ఫిల్మ్ సిటీకి తీసుకెళ్లండి” అని. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు వాళ్లకు తిరునాళ్లలో రంగులరాట్నం తెలుసు, శ్రీశైలం యాత్ర తెలుసు. పొద్దున టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్లి, సాయంత్రం దాకా ఆడుకుని వచ్చే చోటు మాత్రం మనకు కొత్తే. అంతమందిని వెంటబెట్టుకుని, ఇంత డబ్బు పెట్టి వెళ్తున్నప్పుడు ఇల్లు సర్దుకున్నట్టే ముందుగా సర్దుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో ప్రారంభమైంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో, నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. మొత్తం 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాన్ని కట్టించిన రామోజీరావు గారు 2024 జూన్ 8న కన్నుమూశారు. 1,666 ఎకరాలంటే రెండున్నర చదరపు మైళ్లకు పైన. పెద్దవాళ్లను, చంటిపిల్లలను వెంటబెట్టుకుని ఒక్క రోజులో అదంతా చూసి రావడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఒప్పించడం మొదటి పని.

ఏ రోజు వెళ్లాలి?

ఆదివారాలు, వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా విపరీతమైన రద్దీ. రెండు రాష్ట్రాల పిల్లలకూ ఇంచుమించు ఒకే సమయంలో సెలవులొస్తాయి మరి. చలికాలంలో బడుల విహారయాత్రల బస్సులు కూడా వస్తాయి. వీలుంటే మామూలు వారాల్లో మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. పిల్లలకు ఒక్క రోజు బడి పోయినా, వరసల్లో నిలబడే గంటలు మిగులుతాయి. మే నెల ఎండ ఎలా ఉంటుందో మన ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు హాయిగా తిరగవచ్చు.

ఇంకొక్క మాట. తేదీ ఖాయం చేసేటప్పుడు ఇంట్లోని ఆడవాళ్లు, పెద్దపిల్లలు నెలసరి తేదీలు కూడా చూసుకోవాలి. సిగ్గుపడి చెప్పకపోతే రోజంతా ఇబ్బంది పడవలసింది మనమే.

ఏ దారిన వెళ్లాలి?

మార్కాపురం నుంచి హైదరాబాద్ 250 కిలోమీటర్ల పైమాటే. దారులు ముఖ్యంగా రెండు. ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ దారి ఒకటి. ఆ దారి ఇబ్రహీంపట్నం మీదుగా ఎల్.బి.నగర్‌కు చేరుస్తుంది. ఫిల్మ్ సిటీకి వెళ్లే విజయవాడ రోడ్డు కూడా ఎల్.బి.నగర్ నుంచే, హయత్‌నగర్ మీదుగా సాగుతుంది. అంచేత ఫిల్మ్ సిటీకి ఈ దారి అనుకూలం. నగరంలో చుట్టాలింట దిగిన వాళ్లయితే ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైల్లో రావచ్చు. ఆ మార్గం 2018లో మొదలైంది.

రెండోది దోర్నాల మీదుగా శ్రీశైలం దారి. నల్లమల అడవిలో ఘాట్ రోడ్డు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు మూసేస్తారు. “రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి అక్కడుంటాం” అనే లెక్క ఈ దారిలో కుదరదు. మలుపుల్లో వాంతులయ్యే వాళ్లుంటే నూనె వంటకాలు తినిపించకుండా, ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఈ దారి తుక్కుగూడ దగ్గర నగరంలో కలుస్తుంది. 2016లో తెరిచిన వండర్‌లా పార్కు ఆ పక్కనే, రావిర్యాల దగ్గర ఉంది. నీళ్ల ఆటలు, పెద్ద పెద్ద రాట్నాలు కావాలనే పిల్లలుంటే అది వేరే రోజు. రెండూ ఒక్క రోజులో పెట్టుకోవద్దు.

ఏ దారిన వెళ్లినా ఆరేడు గంటల ప్రయాణం. రాత్రంతా కూర్చుని, దిగీ దిగగానే లోపలికి వెళ్తే మధ్యాహ్నానికి పిల్లలు భుజాల మీద నిద్రపోతారు. ముందురోజు సాయంత్రానికి చేరి, పడుకుని, తెల్లవారి స్నానాలు చేసి వెళ్లడమే మంచిది. గది ఖర్చు ఎక్కువనిపించవచ్చు. కానీ అంత పెట్టి కొన్న టిక్కెట్టు సగం రోజుకే చెల్లిపోతే, అది అంతకంటే పెద్ద ఖర్చు కదా!

డబ్బు లెక్క

నలుగురైదుగురున్న ఇంటికి టిక్కెట్ల ఖర్చే ఒక నెల కిరాణా సరుకులంత అవుతుంది. అందుకే కాగితం మీద ఐదు గళ్లు గీయండి: టిక్కెట్లు, ప్రయాణం, గది, లోపల తిండి, చేతి ఖర్చు. టిక్కెట్టు ధరలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి వెళ్లే వారంలోనే కనుక్కోండి. టిక్కెట్టులో ఏవేవి కలిసి ఉన్నాయి, దేనికి విడిగా కట్టాలి అన్నది తప్పక అడగండి. సాహస క్రీడల వంటి వాటికి అదనంగా తీసుకుంటారు. లోపలికెళ్లాక పిల్లలు అడిగితే కాదనలేక ఇచ్చే డబ్బే లెక్క తప్పిస్తుంది.

పిల్లల టిక్కెట్టుకు ఇలాంటి చోట్ల వయసు కంటే ఎత్తు చూస్తారు. కొన్ని ఆటలకూ ఎత్తు నియమం ఉంటుంది. ఇంట్లో తలుపు చెక్కకు ఆనించి, దర్జీ టేపుతో కొలిచి రాసుకోండి. “నువ్వు దీనికి పనికిరావు” అన్న మాట పిల్లవాడు అక్కడ వరసలో అరగంట నిలబడ్డాక వినడం కంటే, ఇంట్లో అమ్మ నోట వినడం నయం.

చేతి ఖర్చుకు ఒక్కో పిల్లకూ ఇంత అని ముందే చేతికిచ్చెయ్యండి. బొమ్మా, ఐస్‌క్రీమా, వాళ్లే తేల్చుకుంటారు. మనకు మారాం తప్పుతుంది, వాళ్లకు లెక్క తెలుస్తుంది.

తలా ఒక కోరిక

ముందురోజు రాత్రి అందరూ కూర్చుని, తలా ఒక్క కోరిక కాగితం మీద రాయండి. ఒక్కటే సుమా! ఫిల్మ్ సిటీలో మొదట గేటు దగ్గర టిక్కెట్లు తీసుకుంటే బస్సులో లోపలికి తీసుకెళ్తారు. అక్కడి నుంచి ఎర్రబస్సులో గైడు వెంట ఉండి సెట్లు చూపిస్తారు. ముందు నుంచి చూస్తే మేడ, వెనక్కెళ్తే ఉత్త గోడ. ఒకే స్టేషను, బోర్డు మారిస్తే ఇంకో ఊరు. ఇది మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి, మామగారికి తగినది, కూర్చునే చూడవచ్చు. చిన్నపిల్లలకు ఫండూస్థాన్, కాస్త పెద్దవాళ్లకు స్టంట్ షో, సినిమా ఎలా తీస్తారో చూపించే మూవీ మ్యాజిక్, ఇంటాయనకు బాహుబలి సెట్టు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట, ఇలా ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు. ప్రదర్శనలకు వేళలుంటాయి. లోపలికెళ్లగానే ఆ వేళలు అడిగి, కాగితం మీద కోరికల పక్కనే రాసుకోండి. ఆ ఐదారు కోరికలు తీరాక మిగిలిన సమయంలో దొరికినవన్నీ లాభమే.

ఆ కాగితంలో అమ్మ కోరికే మొదట రాయాలి. ఎందుకంటే అడిగితే “నాదేముందిలే, పిల్లలు చూస్తే చాలు” అంటాం మనం.

మా వీధిలో ఒకావిడ ఇలాంటి పార్కుకే వెళ్లొస్తే, “ఏమేం చూశావమ్మా?” అని అడిగాం. “సంచులు చూశాను” అంది నవ్వుతూ. అందరూ ఒక్కొక్క ఆటకూ పరుగెత్తుతుంటే ఆవిడ చెప్పులు, సంచులు, చంటిదాని పాలసీసా పట్టుకుని చెట్టుకింద కూర్చుంది. టిక్కెట్టు మాత్రం ఆవిడకూ తీసుకున్నారు. నవ్వుతూ చెప్పినా, ఆ మాటలో నవ్వేమీ లేదు.

అమెరికాలో డిస్నీల్యాండ్ పుట్టుక గురించి వాల్ట్ డిస్నీ గారు ఒక సంగతి చెప్పేవారు. ఆయన సెలవు రోజున కూతుళ్లిద్దరినీ లాస్ ఏంజిలస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవారు. పిల్లలు రంగులరాట్నం ఎక్కుతుంటే తాను బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ, పిల్లలూ పెద్దలూ కలిసి సంతోషించే చోటు ఒకటుంటే బాగుండు కదా అనుకున్నారట. ఆ ఆలోచనే 1955 జూలై 17న డిస్నీల్యాండ్‌గా తెరుచుకుంది. అంటే పిల్లలాడుకుంటే పక్కన ఊరికే కూర్చోలేని ఒక తండ్రి ఆలోచన అది. అలాంటి చోటికి పోయి కూడా ఇంటి ఇల్లాలు బల్లకే అంటిపెట్టుకోవడమేమిటి?

అంచేత సంచుల కాపలాకు వంతులు వేసుకోండి. ఇంటాయన గంట, పెద్దబ్బాయి గంట, మనం గంట. సామాను దాచుకునే చోటు ఉంటే కొద్ది డబ్బు కట్టి పెట్టేయడం ఇంకా మేలు. అసలు సామానే తక్కువ తెస్తే కాపలాయే అక్కర్లేదు. మనిషికొక తువ్వాలు, పిల్లలకొక జత బట్టలు, టోపీ, రోజూ వేసుకునే మందులు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు, చాలు. కొత్త చెప్పులు వేయవద్దు. చీరకంటే చుడీదారు బస్సులు ఎక్కి దిగడానికి సులువు.

పిల్లలు తప్పిపోకుండా

పొద్దున బయల్దేరే ముందు పిల్లలను ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీసుకోండి. చిన్నవాళ్ల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. లోపలికెళ్లగానే అందరికీ కనిపించే చోటొకటి చూపించి, “విడిపోతే ఇక్కడికే రావాలి” అని చెప్పండి. భయపెట్టకుండా చెప్పాలి. తప్పిపోయిన పిల్ల ఏడుస్తూ పరుగెత్తకుండా, యూనిఫాం వేసుకున్న ఉద్యోగి దగ్గరకు వెళ్లడం ముందే తెలిసుండాలి.

తిండి సంగతి

ఇంటి నుంచి తెచ్చిన తినుబండారాలను లోపలికి రానివ్వరు. చంటిపిల్లల ఆహారం, షుగరున్న వాళ్లకు అత్యవసరమైనవి ఉంటే గేటు దగ్గరే చెప్పి అనుమతి తీసుకోండి. పొద్దున కడుపునిండా టిఫిను తిని వెళ్లండి. మధ్యాహ్నం ఒంటిగంటకు అందరికీ ఒక్కసారే ఆకలేస్తుంది కాబట్టి, మీరు పన్నెండు లోపే భోజనం కానిచ్చేయండి. ఆ ఒంటిగంట వేళ వరసలు కాస్త తగ్గుతాయి. ఎండ తీవ్రంగా ఉన్న వేళలో కూర్చుని చూసే ప్రదర్శనలు, చల్లబడ్డాక తోటలు పెట్టుకోండి.

ఇంటి వంట ప్రయాణానికి మాత్రం తప్పక ఉండాలి. మన వైపు జొన్నరొట్టె, సజ్జరొట్టె ఇందుకు భేషైనవి. పలచగా చేసి బాగా ఎండేలా కాలిస్తే మూడు నాలుగు రోజులుంటాయి.

వేరుశనక్కాయల పొడి: పావుకిలో గింజలు సన్నసెగ మీద వేయించి పొట్టు తీయాలి. పది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర విడిగా వేయించాలి. ముందు మిరపకాయలు, జీలకర్ర, ఉప్పు పొడి చేసి, తర్వాత గింజలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్క తిప్పు తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే నూనె దిగి ముద్దవుతుంది.

పులవని దద్దోజనం: గ్లాసు బియ్యానికి మూడు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా వండి, వేడి మీదే మెదపాలి. కాచిన పాలు గ్లాసున్నర కలిపి, గోరువెచ్చన కాగానే పెరుగు రెండు చెంచాలు, ఉప్పు వేయాలి. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టాలి. తెల్లవారుజామున కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది.

చివరగా, ఇంటికొచ్చాక ఆ ఐదు గళ్ల కాగితం పారేయకండి. అనుకున్నదెంత, అయిందెంత రాసి, ఎవరి కోరిక తీరిందో, ఎవరిది తీరలేదో పక్కన గుర్తు పెట్టి దాచండి. వచ్చే ఏడు మీ ఆడపడుచో, తోటికోడలో బయల్దేరేటప్పుడు మీ దగ్గరకే వచ్చి అడుగుతుంది. తీరని కోరిక మీదే అయితే, ఈసారి వాళ్లతో కలిసి మీరూ వెళ్లండి. సంచి మాత్రం చిన్నది తీసుకోండి.