శీతకాలమున కెమెరాతో

దేశాటనము చేసి వచ్చినవాడు తాను చూచిన వింతలను ఇరుగుపొరుగువారికి చెప్పుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, మరుసటి యేట తిరిగి వచ్చిరి. దారిలో చూచిన ఊళ్లను, నదులను, జనుల నడవడిని ‘కాశీయాత్ర చరిత్ర’ యందు వ్రాసియుంచిరి. వారికి మాటలు తప్ప మరియొక సాధనము లేకుండెను. ఏలయన, ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839లో. నేడు మన మేడ్చల్ మీదుగా నాగపురమునకు పోవు రహదారిపై ప్రయాణము చేయువారిలో కెమెరా గల ఫోను లేనివారు అరుదు.

అయినను, కెమెరా చేత నున్నంత మాత్రమున మంచి చిత్రము రాదు. వెలుతురు తీరు తెలియవలెను. యంత్రము గుణము తెలియవలెను. వీనికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. తాను తీయగోరిన దానికి ఎంత దూరమున నిలువవలెనో తీయువానికి తెలిసియుండవలెను. మంచుదేశములు, శీతకాలపు పక్షులు, సామాన్యజనులు - ఈ మూడింటిని తీయు పద్ధతులను పరిశీలించినచో ఈ మాట బోధపడగలదు.

చదువులకును ఉద్యోగములకును అమెరికా, కెనడా దేశములకు వెళ్లిన మనవారు పంపు చిత్రములను మీరు చూచియుందురు. మంచు మల్లెపూవువలె తెల్లనిది గదా! కాని కొన్ని చిత్రములలో అది బూడిదరంగున కనిపించును. కారణమేమి? ఇది మంచు, ఇది బొగ్గు అని కెమెరాకు తెలియదు. ఎదుటనున్న దృశ్యము నడితరపు వెలుగు గలదని తలచి అది లెక్క కట్టును. మంచు మిక్కుటమైన కాంతిని వెదజల్లుటచే, వెలుగు ఎక్కువైనదని యెంచి తగ్గించివేయును. కనుక మంచును తీయువాడు కెమెరా లెక్కకంటె కొంత ఎక్కువ వెలుగును లోనికి పోనిచ్చును.

శామీర్‌పేట చెరువున నల్లని నీటినడుమ నిలిచిన తెల్లకొంగ విషయమున ఇందుకు విరుద్ధముగా జరుగును. నలుపు ఎక్కువగా నున్నందున కెమెరా వెలుగును పెంచును. అప్పుడు ఈకల సన్నని గీతలన్నియు చెరిగిపోయి, కొంగ ఒక తెల్లని మచ్చగా మిగులును. ఇచ్చట వెలుగును తగ్గింపవలెను. నేటి ఫోనులు ఈ పొరపాటును కొంతవరకు తామే దిద్దుకొనుచున్నను, తుది తీర్పు మనిషి కంటిదే.

గడ్డకట్టు చలిలో మరి రెండు చిక్కులు కలవు. చలికి బ్యాటరీ శక్తి త్వరగా సన్నగిల్లును. అందుచేత అదనపు బ్యాటరీని దుస్తుల లోపలి జేబులో వెచ్చగా ఉంచుకొందురు. చల్లని నీరు పోసిన చెంబుపై బయట తేమ పట్టుట మీరెరిగినదే. అట్లే చలిలోనుండి వెచ్చని యింటిలోనికి తెచ్చిన కెమెరాపైనను, ఒక్కొక్కప్పుడు లోపలను, తేమ పట్టును. దీనిని తప్పించుటకై ఇంటిలోనికి రాకముందే కెమెరాను సంచిలో గాలి చొరకుండ మూసి, అది మెల్లగా వెచ్చబడు వరకు తెరువక ఉంచవలెను.

ఇక దూరము సంగతి. 1910లో బయలుదేరిన కెప్టెన్ స్కాట్ దక్షిణధ్రువ యాత్రలో హెర్బర్ట్ పాంటింగ్ అను ఛాయాగ్రాహకుడు ఉండెను. 1911 జనవరిలో ఆయన తిమింగిలజాతికి చెందిన వేటజంతువులను చిత్రించుటకై మంచుగడ్డ అంచునకు పోయెను. అవి నీటి అడుగున దూరి, ఆయన నిలిచిన గడ్డను క్రిందినుండి పొడిచి ముక్కలు చేసెను. ఆయన ఊగుచున్న ముక్కలమీదుగా దుముకుచు, కెమెరాతో సహా ప్రాణములు దక్కించుకొనెను. ప్రకృతి వేసిన గీటును దాటినచో తీయువానికే ముప్పు అని ఈ సంఘటన తెలుపుచున్నది.

మన ప్రాంతమున మంచు కురియదు. కాని ఆ మంచుదేశపు శీతకాలమే మన చెరువులకు అతిథులను పంపుచున్నది. ఉత్తరదేశములలో సరస్సులు గడ్డకట్టగానే పక్షులకు మేత అందదు. అందుచేత సైబీరియా, మధ్య ఆసియాలనుండి సూదివంటి తోక గల బాతులు మొదలగునవి దక్షిణమునకు తరలివచ్చును. తలపై రెండు నల్లని పట్టెలు గల బూడిదరంగు పెద్దబాతు మంగోలియా, టిబెట్టు ప్రాంతములనుండి హిమాలయములను దాటి తెలంగాణ చెరువులకును వచ్చును. ఇది 7,000 మీటర్లకు పైబడిన ఎత్తున ఎగిరినట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అంత ఎత్తున గాలి పలుచన. ఊపిరికి అందు ప్రాణవాయువు స్వల్పము.

డిసెంబరు మాసపు ఉదయమున శామీర్‌పేట చెరువు నీటిపై పొగమంచు తేలియాడుచుండును. ఏటవాలు ఎండ పడుటచే ప్రతి ఈక, ప్రతి అల స్పష్టముగా కనిపించును. చిత్రము తీయుటకు ఇంతకంటె మంచి సమయము లేదు. అయితే కొందరు, నీటిపై నెమ్మదిగా నున్న పక్షులు ఎగిరినచో చిత్రము ఇంకను బాగుండునని తలచి, రాయి విసరుదురు. లేదా కేకలు వేయుదురు. దానివలన కలుగు నష్టమెట్టిదో ఆలోచింపుడు. ఇచ్చట తిన్న మేతయే ఆ పక్షి దేహమున కొవ్వుగా మారి, మార్చి, ఏప్రిల్ మాసములలో తిరుగు ప్రయాణమునకు బలమగును. ఊరక ఎగిరినప్పుడెల్ల ఆ కూడబెట్టినది కొంత కరిగిపోవును. తిను సమయమును తగ్గిపోవును. రోజుకు పది మంది పది రాళ్లు వేసినచో, హిమాలయమును దాటవలసిన రెక్కకు బలమెక్కడిది?

పక్షి తన హద్దును తానే చెప్పును. చూచువానికి ఓర్పు ఉండవలెను. మేయుచున్న పక్షులు తినుట మాని, మెడలు నిక్కించి, ఒక్కసారిగా మీవైపు చూచినచో, మీరు ఎక్కువ దగ్గరకు వచ్చితిరని అర్థము. అచ్చటనే ఆగవలెను, లేదా రెండడుగులు వెనుకకు వేయవలెను. తుమ్మచెట్టు చాటున కదలక కూర్చున్నచో, కొంతసేపటికి పక్షులే మేయుచు దగ్గరకు రావచ్చును. దూరపు వస్తువును దగ్గరగా చూపు కటకములు కలవు. అవి లేనివారు చెరువును, పొగమంచును, పక్షుల బారును కలిపి ఒకే దృశ్యముగా తీయవచ్చును. శామీర్‌పేటలోని జవహర్ జింకల పార్కులో కంచె అడ్డము వచ్చినను చింతలేదు. కటకమును కంచె సందునకు దగ్గరగా చేర్చి, దూరమున నున్న జింకపై దృష్టి నిలిపినచో కంచె చిత్రమున కనబడకుండ పోవును.

అడవి మృగములను వాని మానాన వానిని ఉండనిచ్చి తీయు విద్య మనదేశమున నూరేండ్ల నాడే ఆరంభమైనది. 1920ల దశకమున ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను అటవీశాఖాధికారి, నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతపు అడవులలో పులి నడచు బాటకు అడ్డముగా సన్నని తీగ కట్టి, దానిని కెమెరాకు తగిలించెను. రాత్రివేళ పులి తీగను తాకగానే మెరుపువంటి వెలుగు వెలిగి, దాని చిత్రము దానంతట అదియే పడెడిది. నేడు అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యములలో పులులను లెక్కించుటకు వాడు కెమెరాలు ఆ పద్ధతికి వారసులే. ఒక్కొక్క పులి చారలు ఒక్కొక్క తీరుగా ఉండును గనుక, చిత్రమును చూచి ఏది ఏ పులియో గుర్తింతురు.

పక్షుల విషయమునను ఇట్టి మార్పే వచ్చినది. 1931 - 32లో సలీం అలీగారు హైదరాబాదు రాష్ట్రమంతట తిరిగి పక్షులను పరిశీలించిరి. ఆ కాలమున పక్షిని కొట్టి తెచ్చి, దాని దేహమును భద్రపరచి జాతిని నిర్ణయించుట శాస్త్రజ్ఞుల వాడుక. నేడు అనేక జాతులను గుర్తించుటకు తేదీ, స్థలము వ్రాసిన మంచి ఛాయాచిత్రము చాలును. తుపాకి చేసిన పనిని కెమెరా చేయుచున్నది. పక్షి మాత్రము ఎగిరిపోవుచున్నది.

ఇక మనుష్యుల సంగతి. కెనడాలో గడ్డకట్టిన సరస్సుపై కూర్చుండి, మంచులో రంధ్రము తొలిచి గాలము వేయువాడును, శామీర్‌పేటలో తెల్లవారుజామున వల విసరు జాలరియు ఒకే వృత్తివారు. ఇద్దరి చేతులను చలి కొరుకును. ఇద్దరి ఇండ్లలోను ఆ చేపలకై ఎదురుచూచువారు ఉందురు. ఇట్టివారి చిత్రములే దూరదేశమును మనకు చుట్టముగా చేయును. కాని మనిషి కొంగ కాడు. అతనిని చాటునుండి తీయుట మర్యాద కాదు. పక్షికి దూరముగా నిలుచుట గౌరవమైనచో, మనిషికి దగ్గరగా పోయి పలుకరించుట గౌరవము.

ఈ మర్మమును మన నగరమున చక్కగా ఎరిగినవారు రాజా దీన్‌దయాళ్ (1844 - 1905). మీరట్టు సమీపమున సర్ధనాలో జన్మించిన వీరు రూర్కీలో ఇంజనీరింగు చదివిరి. బరువైన కెమెరాలతోను గాజుపలకలతోను మధ్యభారతమున కోటలను, ఆలయములను చిత్రించుచు సంచరించిరి. పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులైరి. ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండి చిత్రము తీయించుకొనజాలరు. వారికొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా ఒక చిత్రశాల నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల మహిళకు అప్పగించిరి. తెరను తొలగింపుమని అడుగలేదు. తెర లోపలివారికి అనుకూలమైన ఏర్పాటు చేసిరి. అందుచేతనే ఆ వాకిలి వారికి తెరువబడినది.

విద్యార్థులారా! ఈ శీతకాలమున మీరు చెరువుగట్టునకు పోయినప్పుడు ఫోను తీయకముందు కొంతసేపు ఊరక చూడుడు. పక్షి మెడ ఎత్తినదా, గమనింపుడు. గట్టుపై మక్కకంకులు కాల్చి అమ్ము అవ్వ చిత్రము కావలెనన్నచో, ముందు “అవ్వా, ఒక ఫోటో తీయనా?” అని అడుగుడు. ఆమె వలదన్నచో ఫోనును జేబులో ఉంచుకొనుడు. సరేయన్నచో తీసి, ఆమెకు చూపుడు. వీలైనచో ఒక ప్రతి అచ్చువేయించి తెచ్చి ఇండు. చిత్రము వెనుక తేదీని, స్థలమును వ్రాయుట మరువకుడు. ఏబది యేండ్ల పిమ్మట ఆ చెరువునకు ఏ పక్షులు వచ్చెడివో, ఆ గట్టున ఎవరెవరు బ్రదికిరో తెలిసికొనగోరువారికి మీ చిత్రమే సాక్ష్యము కావచ్చును.