జూబిలీ రోజున సిస్టరమ్మగారు టిఫిను చేశారా?



మన విచారణల్లో ఏదో ఒక కాన్వెంటు నుంచి జూబిలీ పిలుపు వస్తూనే ఉంటుంది. ఫలానా సిస్టరుగారి రజతోత్సవం అనో, స్వర్ణోత్సవం అనో కార్డు మీద ఉంటుంది. వార్డులో రోగులు మమ్మల్ని అడుగుతుంటారు: "సిస్టరమ్మగారికి యాభై ఏళ్ల పండుగ అంటున్నారు, చూస్తే డెబ్బై దాటినట్టున్నారు. అదెలాగండీ?" ఆ లెక్క పుట్టినరోజు నుంచి కాదు. చాలా సభల్లో మొదటి మాటపట్టు రోజు నుంచి లెక్కిస్తారు.

మఠంలో చేరిన అమ్మాయి వెంటనే సిస్టరు అయిపోదు. ముందు కొంతకాలం అక్కడి జీవితం చూస్తుంది. తర్వాత నొవిషియేటు. శ్రీసభ చట్టం ప్రకారం ఇది కనీసం 12 నెలలు ఉండాలి. ఆ తర్వాత బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత అనే మూడు వ్రతాలకు మొదటిసారి మాట ఇస్తుంది. అదే మొదటి మాటపట్టు. అయితే అది తాత్కాలికమే. కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 ఏళ్లకు మించకుండా అలా గడిపిన తర్వాత నిత్య మాటపట్టు, అంటే జీవితాంతానికి ఇచ్చే మాట. మధ్యలో ఆలోచించుకోవడానికి ఇంత సమయం ఉంది కాబట్టే ఆ మాటకు అంత విలువ.

25 ఏళ్లకు రజతోత్సవం, 50కి స్వర్ణోత్సవం, 60కి వజ్రోత్సవం చేస్తారు. 25, 50 ఏళ్ల పండుగలకు శ్రీసభ పూజాగ్రంథంలో ప్రత్యేక ప్రార్థనలున్నాయి. దివ్యబలిపూజలో ప్రసంగం అయ్యాక జూబిలీ సిస్టరుగారు పీఠం ముందుకు వచ్చి, మొదటి రోజు ఇచ్చిన మాటనే మళ్లీ చెబుతారు. అందరికీ వినపడేంత గొంతు ఉండకపోవచ్చు. అయినా ఆ నిమిషంలో గుడిలో చిన్నపిల్లలు కూడా కదలరు.

జూబిలీ అనే మాట బైబిలు నుంచి వచ్చింది. లేవీయకాండం 25వ అధ్యాయంలో 50వ సంవత్సరం జూబిలీ సంవత్సరం. ఆ ఏడాది బానిసలకు విడుదల. పొలంలో విత్తనం వేయకూడదు. భూమికి కూడా విశ్రాంతి. ఈ విశ్రాంతి సంగతి దగ్గరకు మళ్లీ వస్తాం.

అందరికీ స్వర్ణోత్సవం రాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన డాక్టర్ మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు. అప్పట్లో మఠకన్యలు వైద్యం చేయడానికి శ్రీసభ నియమాలు అడ్డుగా ఉండేవి. ఆమె పోపుగారి ప్రత్యేక అనుమతితో డాక్టరుగా పనిచేశారు. మఠకన్యలు వైద్యం, ప్రసూతి సేవలు చేయడానికి 1936లో రోము నుంచి అందరికీ దారి తెరుచుకుంది. 1943లో ఆమె ప్రారంభించిన కథోలిక ఆసుపత్రుల సంఘానికి ఇప్పుడు సికింద్రాబాదులో కేంద్ర కార్యాలయం ఉంది. 1957లో క్యాన్సరుతో బెంగళూరులో కన్నుమూశారు. భారతదేశంలో 37 ఏళ్లు. రజతోత్సవ కాలం దాటారు, స్వర్ణోత్సవం చూడలేదు. 2013లో గుంటూరులో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు.

ఇక మా సంగతి ఒకటి చెప్పాలి. తప్పు మాదే కాబట్టి దాచుకోము.

కొన్నేళ్ల క్రితం మాలో చాలామందికి పని నేర్పిన ఒక సిస్టరమ్మగారి స్వర్ణోత్సవం జరిగింది. "రోగి భోజనం పళ్లెం కళ్లతో చూడకుండా ఇన్సులిన్ వేయొద్దు" అని మాకు రోజూ చెప్పినావిడ. ఆ రోజు ఉదయం 7 గంటలకు అలవాటు ప్రకారం ఇన్సులిన్ వేసుకున్నారు. దివ్యసత్ప్రసాదం తీసుకోవాలని టిఫిను మానేశారు. పూజ అయ్యాక సన్మాన సభ. దండలు, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరి ఉపన్యాసాలు. పదకొండున్నరకు ఆవిడ మాట్లాడడానికి లేచారు. మాట తడబడింది, చేయి వణికింది, ముఖమంతా చెమట. సంతోషం ఆపుకోలేక అలా అవుతున్నారని మేమంతా చప్పట్లు కొట్టాము. నర్సింగ్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతే ముందుకు వెళ్లి చేయి పట్టుకుంది. చల్లగా ఉంది. గ్లూకోమీటరు తెచ్చి చూస్తే షుగరు 48.

మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాము. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే 82. అప్పుడు అన్నం పెట్టాము. తేరుకున్న వెంటనే ఆవిడ అడిగిన మాట: "పిల్లలకు భోజనాలు పెట్టారామ్మా?"

తిన్నారా అని ఆవిడను ఎవరూ అడగలేదు. కాన్వెంటువారు నర్సులు చూసుకుంటారనుకున్నారు. మేము కాన్వెంటువారు చూసుకుంటారనుకున్నాము. అందరి పళ్లేలూ చూసినావిడ పళ్లెం ఎవరూ చూడలేదు.

అందుకే జూబిలీకి వెళ్లే కుటుంబాలకు మా మనవి:

1. దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం చాలు. వృద్ధులకు, రోగులకు, వారి సేవలో ఉన్నవారికి అది కూడా తప్పనిసరి కాదని శ్రీసభ చట్టమే చెబుతోంది. షుగరు ఉన్నవారు టిఫిను మానకూడదు.

2. పండుగ రోజు భోజనం ఆలస్యమయ్యేట్టు ఉంటే మాత్రలు, ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో ముందు రోజే డాక్టరుగారిని అడగాలి. సొంతంగా మానేయకూడదు.

3. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే షుగరు తగ్గిందేమో చూడాలి. 70 కంటే తక్కువైతే వెంటనే పంచదార నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకురావాలి.

4. సిస్టరుగారికి కుర్చీ వేయండి. ఉపన్యాసాలు తగ్గించండి. శాలువాలు నాలుగు చాలు.

పొలానికే విశ్రాంతి ఇమ్మన్న పండుగ ఇది. 50 ఏళ్లు మన జ్వరాలు, మన కాన్పులు, మన పిల్లల చదువులు చూసినవారికి ఆ ఒక్క రోజైనా మనం చూసిపెట్టాలి. పండుగ అయిపోయాక కూడా ఒక ఆదివారం పూజ తర్వాత కాన్వెంటుకు వెళ్లి, వృద్ధ సిస్టర్లను పలకరించండి. "బాగున్నారా" అని అడిగితే "బాగున్నానమ్మా" అనే అంటారు. కాబట్టి "ఈ పూట ఏం తిన్నారు?" అని అడగండి.

ఆ సిస్టరమ్మగారు ఇప్పుడు వృద్ధ సిస్టర్ల ఆశ్రమంలో ఉన్నారు. మేము వంతులవారీగా వెళ్లి చూసి వస్తున్నాము. వెళ్లినప్పుడు ముందు పళ్లెం చూస్తాము.