పేరు లేని పలక

ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టును, రాగి చిలుము పట్టును. రేవుకు, ఉక్కుకు పేరొందిన విశాఖపట్నంలో బడిపిల్లలకు సైతం ఇది తెలిసిన సంగతియే. అచ్చట పాత కంప్యూటరును విప్పి చూచువారికి మొదటి శత్రువు ఆ గాలియే. తెరపై అక్షరాలను, బొమ్మలను చూపుటకై లోపల గుచ్చిన పలకపై తయారీదారు పేరు చెరిగిపోయి ఉండవచ్చును. అంతమాత్రాన దానిని గుర్తింపరాదని కాదు.

ముందుగా వెనుక అంచు చూడవలెను. రెండు వరుసలలో 9 రంధ్రాలున్నచో అది 1981, 1984 సంవత్సరాలలో ఐ.బి.ఎం. వెలువరించిన పద్ధతులలో ఒకటి కావచ్చును. మూడు వరుసలలో 15 ఉన్నచో 1987లో వచ్చిన వి.జి.ఎ. పద్ధతి. రంధ్రాలకు బదులు 9 సూదులు పొడుచుకొని ఉన్నచో అది సాధారణంగా బొమ్మల పలక కానే కాదు. పిమ్మట చిప్పులపై అంకెలు చదువవలెను. 6845 అన్నది తెరను నడుపు చిప్పు. 8742 వంటి నాలుగంకెలు తరచుగా 1987వ సంవత్సరం, 42వ వారం అని తయారీకాలాన్ని తెలుపును.

తెలుగువారికి మరొక జాగ్రత్త అవసరం. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొలకెత్తి, 1988లో స్థాపితమైన పుణె సి-డాక్‌లో రూపుదిద్దుకొన్న జిస్ట్ కార్డు కూడ ఇట్టి పలకయే. ఇంగ్లీషుకే అలవాటుపడిన తెరపై తెలుగు గుణింతాలను, ఒత్తులను అది నిలిపినది. పలు భారతీయ లిపులకు ఉమ్మడియైన ఇస్కీ సంకేతాలు 1991లో జాతీయ ప్రమాణమైనవి. పేరు తెలియదని అట్టి పలకను పాతసామానులో తూకానికి వేసినచో, కంప్యూటరులో తెలుగు అడుగుపెట్టిన నాటి ఆనవాలు ఒకటి దానితోపాటే పోవును.